దీపాల లెక్క

విమానాశ్రయం క్వార్టర్స్,
పొగమంచు మొదలైన వారం.

వదినా,

నువ్వు కుట్టి పంపిన ఉన్ని కోటు అందింది. భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది. నడుం దగ్గర మాత్రం నేనింకా పెళ్ళిచూపులకు కూర్చునే వయసులో ఉన్నాననుకుని కుట్టినట్టున్నావు. పై రెండు బొత్తాలు పెట్టుకుని కిందివి వదిలేస్తున్నాను.

ఫోన్లుండగా ఈ ఉత్తరాలేమిటని అన్నయ్య మొన్న మళ్ళీ వెక్కిరించాడు. నీకు ఫోన్ చేస్తే పక్కనుంచి సగం మాటలు ఆయనే మాట్లాడతాడు, మిగతా సగం నీ కుట్టుమిషను మాట్లాడుతుంది. ఇదే నయం.

ఇక్కడ మంచు అప్పుడే దిగింది. తెల్లవారేసరికి మా క్వార్టర్సు గేటు కూడా కనపడడం లేదు. ప్రయాణికుల హాల్లో జనం సంచులు తలకింద పెట్టుకుని నేల మీదే పడుకుంటున్నారు. ఒక ఊరి విమానం ఆగితే దాని వెనకవి నాలుగు ఆగుతాయి, ఆ నాలుగింటి సిబ్బందికి డ్యూటీ గంటలు అయిపోతాయి, చివరికి ఆ తిట్లన్నీ కౌంటరు దగ్గర నిలబడ్డ పిల్లలు తింటారు. నిన్న ఒక పెద్దాయన నన్ను పట్టుకుని, "మంచు ఎప్పుడు పోతుందో ఆ మాత్రం చెప్పలేనివాళ్ళకి మీకు జీతాలెందుకు?" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

నా పని నీకు తెలిసిందే. రన్‌వే పక్కన దిమ్మె మీద నిలబడి, ఎడమ అంచు వెంట వెలిగే దీపాల్లో కంటికి ఆనినవి లెక్కపెట్టి టవర్‌కి చెప్పడం. యంత్రాలున్నాయి కానీ మంచు ఇంత దట్టంగా ఉన్నప్పుడు మనిషి కన్ను కూడా ఉండాలని ఇక్కడి నియమం. పది దీపాలు కనపడితే దిగడానికి రమ్మంటారు. తగ్గితే రావద్దంటారు. ఒక దీపం ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా పైన తిరుగుతున్న వందల మంది బతుకు నా నోట్లో ఉన్నట్టే. అందుకే ఆ కాసేపూ నాతో ఎవరూ మాట్లాడరు.

మావాళ్ళు ఒక కొత్త వేళాకోళం మొదలుపెట్టారు. నేను లెక్కలో ఉన్న రోజున అన్నయ్య ఎంత మంచులోనైనా విమానం దించేస్తున్నాడట, మిగతావాళ్ళున్న రోజున చుట్టూ తిరిగి వేరే ఊరికి పోతున్నాడట. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని నవ్వుతున్నారు. నాకేమో కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నన్ను ఎత్తుకు పెంచిన అన్నయ్యకి నా లెక్క మీద అంత నమ్మకమంటే చిన్న సంగతా?

నీ పిచ్చుక


కుట్టు దుకాణం మేడ మీద,
ఆదివారం.

పిచ్చుకా,

నడుం సంగతి నాకు ముందే తెలుసు. కావాలనే బిగించాను, ఆ వంకనైనా క్యాంటీన్‌లో బన్నులు తగ్గిస్తావని. కోటు తిప్పి పంపితే వదులు చేస్తాను, కానీ ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు కాబట్టి కూలి మీ అన్నయ్య దగ్గరే వసూలు చేస్తాను.

ఆయన నాలుగు రోజులు ఇంట్లో ఉండి నిన్ననే వెళ్ళారు. ఇంట్లో ఉన్నంతసేపూ నాకు పని తగ్గింది తక్కువ, పెరిగింది ఎక్కువ. నేను అడక్కుండానే పాలు పోస్తానని వచ్చి తెల్ల కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీద కాలువ కట్టేదాకా పోస్తూనే ఉన్నారు. "ప్రేమ పొంగిపోతోందా?" అన్నాను. నవ్వలేదు. ఆసుపత్రి వాళ్ళకి తెల్ల కోట్లు కుడుతున్నానా, ఒక బొత్తం తెల్ల దుప్పటి మీద పడితే వెతికిపెట్టమన్నాను. అంత మనిషి మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటంతా తడిమారు. బొత్తం ఆయన ముందే ఉంది. "పెద్దవాళ్ళమవుతున్నాం" అన్నాను. చప్పున లేచి బయటికి వెళ్ళిపోయారు. మగవాళ్ళకి వయసు మాటెత్తితే ముల్లు గుచ్చినట్టే.

నీకు జ్వరమొచ్చి పడుకున్న రోజు గుర్తుందా? ఆ రోజు ఆయన విమానం ఇంకో ఊళ్ళో దించి, జనాన్ని బస్సుల్లో పంపించి, ఇంటికొచ్చి ఒకటే సణుగుడు. "లెక్కలో పిచ్చుక లేదు. ఎవడో ఉన్నాడు. వాడి మాట నమ్మి ఎలా దిగను?" అన్నారు. అంత మంది పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళుండగా నీ మాటే వేదమైంది. చూసుకో నీ అదృష్టం.

వేళకి తిను. చెవులకి గుడ్డ కట్టుకో.

నీ వదిన


విమానాశ్రయం క్వార్టర్స్,
మంచు కదలని రోజు.

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి నవ్వు రాలేదు.

మొన్న తెల్లవారుజామున నేను లెక్క చూశాను. ఎడమ వరసలో సరిగ్గా పది. టవర్‌కి చెప్పాను. అన్నయ్య విమానం దిగింది. నాకు చప్పుడు వినపడింది కానీ ఆకారం కనపడలేదు, ఆ కాసేపట్లోనే మంచు ఇంకా ముసిరింది. మళ్ళీ లెక్క చూస్తే మధ్యలో రెండు దీపాలు లేవు. అటూ ఇటూ ఉన్నవి కనపడుతున్నాయి, ఆ రెండూ లేవు. ఆరిపోయాయేమోనని కరెంటు మేస్త్రీని పంపించాను. అతను తిరిగొచ్చి, "ఆరిపోవడం కాదమ్మా, చితికిపోయాయి. టైరు ఎక్కింది" అన్నాడు. ఏదో బండి తొక్కిందని పైవాళ్ళు రాసుకున్నారు, కానీ ఆ రెండు లెక్కల మధ్య దిగింది ఒక్క విమానమే.

రన్‌వే నడిమి గీత మీద దిగాల్సిన విమానం అంచు దీపాలు తొక్కిందంటే, ఇంకొంచెం పక్కకు జరిగి ఉంటే బురదలోకి పోయేది. ఆ తర్వాత ఏమవుతుందో నేను రాయను. నిండా జనం ఉన్నారు.

క్యాంటీన్‌లో అన్నయ్య దొరికాడు. బన్ను తింటున్నాడు. విమానంలో ఆయన పక్క సీటు పైలటు ఆ పక్క బల్ల దగ్గర అన్నయ్యకి వీపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆ మనిషి అన్నయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే, ఎదురు చెప్పే ధైర్యం ఎక్కడిది? నేను అన్నయ్యని మెల్లగా అడిగాను, "కిందికి వచ్చాక దీపాలు కనపడ్డాయా?" అని. నేలకి కొంత ఎత్తులోకి వచ్చేసరికి పైలటు తన కళ్ళతో దీపాలు చూడాలి, కనపడకపోతే మళ్ళీ పైకి లేచిపోవాలి. అదీ నియమం. నా లెక్క రమ్మనడానికే, దిగడానికి కాదు.

"నువ్వు పది అన్నావుగా" అన్నాడు.

"నేను అన్నది సరే. నువ్వు చూశావా?"

"నువ్వు చూశాక నాకు కళ్ళెందుకే పిచ్చుకా?" అని నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి వెళ్ళిపోయాడు.

వదినా, ఇన్నాళ్ళూ అది నమ్మకమనుకుని మురిసిపోయాను. ఆ లెక్క నేను నిలబడ్డ చోటుది, అప్పటిది. మంచు నా మాట విని కూర్చోదు. ఆయన ఎప్పటినుంచి నా కళ్ళతో దిగుతున్నాడు?

నిన్ను సూటిగా అడుగుతున్నాను. ఆ పాలు ఎందుకు ఒలకబోశాడు? బొత్తం ఎందుకు కనపడలేదు? నీకు తెలిసింది దాచకుండా రాయి.

పిచ్చుక


కుట్టు దుకాణం,
బుధవారం.

ఆడపడుచుగారికి,

మీ అన్నయ్యకి ఏమీ లేదు. మొన్న వేసవిలోనే కంపెనీ డాక్టరు కళ్ళ పరీక్ష చేశారు. అట్ట మీద ఆఖరి వరస చిన్న అక్షరాలు కూడా గుక్క తిప్పుకోకుండా చదివారు. కావాలంటే వెళ్ళి కనుక్కో.

పాలు ఒలకడం ప్రతి ఇంట్లో ఉండేదే. నేను సరదాకి రాసినదాన్ని పట్టుకుని గోరంతలు కొండంతలు చెయ్యకు. దీపాలు ఏ బండి తొక్కిందో ఎవరికి తెలుసు? నువ్వు చూశావా?

ఆయన తలెత్తుకుని బతికినవారు. ఆయన టోపీ పెట్టుకుని వీధిలోకి వస్తే ఈ వీధంతా నిలబడి చూస్తుంది. ఆ పని లేకపోతే ఆయన ఏమవుతారో నీకు తెలియదు, నాకు తెలుసు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ. నీకు అన్నయ్యే. నాకు ఇల్లంతా ఆయనే.

కోటు పంపక్కర్లేదు. చేతినిండా పనుంది.


కుట్టు దుకాణం,
శుక్రవారం.

అమ్మా పిచ్చుకా,

మొన్నటి ఉత్తరం చింపెయ్యి. పోస్టులో వేసి మెట్లు ఎక్కుతుంటేనే వెనక్కి తెచ్చుకోవాలనిపించింది.

ఆయనకి కనపడడం లేదు. ఎండలో అన్నీ కనపడతాయి, నల్ల అక్షరం తెల్ల కాగితం మీద ఉంటే చీమ తలకాయంత ఉన్నా చదువుతారు. అందుకే డాక్టరు పట్టుకోలేకపోయారు. తెలుపు మీద తెలుపు, బూడిద మీద బూడిద పెడితే ఏమీ లేనట్టే. నాకు అనుమానం వచ్చి పోయిన శీతాకాలమే ఒక పని చేశాను. తెల్ల గుడ్డ మీద కుట్టుసుద్దతో గీత గీసి, ఈ గీత వెంట కత్తిరించమని ఇచ్చాను. గుడ్డని అటూ ఇటూ తిప్పి, "గీత ఎక్కడ గీశావు?" అన్నారు. తర్వాత నా మొహం చూసి ఆయనకీ అర్థమైంది. కత్తెర బల్ల మీద పెట్టేశారు.

"మంచు ఉండేది నెల్లాళ్ళే. తక్కిన ఏడాదంతా ఆకాశం కడిగినట్టుంటుంది. ఆ నెల పిచ్చుక చూసుకుంటుంది" అన్నారు. నాకు అప్పుడు ఆ మాట అర్థం కాలేదు, ఒట్టు. నువ్వు రాశాకనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా నిన్ను కసిరాను చూడు, అదీ నా తెలివి. పాలూ బొత్తం సంగతి నవ్వులాటగా రాసింది కూడా నన్ను నేను మభ్యపెట్టుకోవడానికే.

పిచ్చుకా, నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన ఎక్కిన ప్రతిసారీ నేను దుకాణం మూసి రేడియో దగ్గర కూర్చుంటున్నాను. నోట్లోకి ముద్ద పోవడం లేదు. నేనై ఆయన మీద చెప్పలేను. నీకు దండం పెడతాను, ఏదో ఒకటి చెయ్యి. ఏం చేశావో మాత్రం నాకు చెప్పకు.

వదిన


విమానాశ్రయం క్వార్టర్స్,
అదే చలి.

వదినా,

చెప్పొద్దన్నావు. కానీ చూసింది చూసినట్టు చెప్పే పని చేస్తున్నదాన్ని, చెప్పక చావను.

ముందు అన్నయ్యనే అడిగాను. నువ్వు రాసినవేమీ ఎత్తలేదు, దీపాల సంగతే ఎత్తాను. ఈ శీతాకాలానికి సెలవు పెట్టమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "సెలవెందుకని అడుగుతారు, కారణం చెబితే శాశ్వతంగా కూర్చోబెడతారు" అన్నాడు. "నువ్వు జాగ్రత్తగా లెక్కపెట్టు చాలు" అన్నాడు. నన్ను దూరంగా నెట్టి ఉంటే తిరగబడేదాన్ని. చిన్నప్పుడు నాకు జడలు వేసిన చేతులతో నా తల నిమిరాడు. ఏడుపొచ్చింది.

తర్వాత నేనే లెక్క మానేద్దామనుకున్నాను. నేను లేకపోతే దిగడు కదా అని. కానీ ఎన్నాళ్ళు? ఒకరోజు నేను ఉన్నాననుకుని దిగితే? లేదా దారిలో ఇంధనం తగ్గి దిగక తప్పకపోతే?

నిన్న దిమ్మె మీద నిలబడితే ఐదు దీపాలు కనపడ్డాయి. ఐదు అని చెప్పాను. పైన అన్నయ్య తిరుగుతున్నాడు. టవర్‌లో ఉన్న మనిషి నాతో, "మీ అన్న మళ్ళీ అడుగుతున్నాడమ్మా, నువ్వేనా అని" అన్నాడు. దానికి పలక్కుండా, ఐదు అని మాత్రం మళ్ళీ చెప్పాను. అన్నయ్య వేరే ఊరికి వెళ్ళిపోయాక అక్కడినుంచి దిగి, కోటు కూడా విప్పకుండా కంపెనీ డాక్టరమ్మ గదికి వెళ్ళాను. చెప్పేశాను. మంచులో ఆయనకి దీపాలు ఆనడం లేదని, నల్ల అక్షరాల అట్టతో అది తేలదని. ఆవిడ చాలాసేపు రాసుకుని, "ఎవరు చెప్పారో బయటికి రాదు" అంది.

నాకు అది అక్కర్లేదు. ఆయన ఇంటికొస్తే నేనే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని చెబుతాను. కాస్త ధైర్యం కూడదీసుకోనీ.

పిచ్చుక


కుట్టు దుకాణం మేడ మీద,
వాన పడుతోంది.

పిచ్చుకా,

నువ్వు రావద్దు. చెప్పొద్దు. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు.

ఆయన్ని పిలిపించి వేరే అట్ట పెట్టారట. అక్షరాలు అంతే ఉంటాయి, రంగు మాత్రం వరస వరసకీ వెలిసిపోతుంది. మూడో వరస దగ్గర ఆగిపోయారు. కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదు, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడొచ్చు. ఇంకో ఏడాది ఆలస్యమైతే అదీ ఉండేది కాదని అన్నారు. ఇక విమానం ఎక్కేది ప్రయాణికుడిగానే.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "ఎవరు చెప్పారు?" అన్నారు. నేను మంచినీళ్ళు అందించాను. "పిచ్చుకేనా?" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసుంటే నువ్వు తట్టుకోలేవు. తల్లీతండ్రీ పోయాక ఆయన పెంచుకున్నది నిన్నొక్కదాన్నే. లోకంలో ఆయన కళ్ళు మూసుకుని నమ్మింది నిన్నొక్కదాన్నే.

"కాదు, నేనే" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక అదే మంచిదనిపించింది. పెళ్ళాం మీద కోపం పాలపొంగు అంటారు. కాసేపు ఎగసి అణిగిపోతుంది. చెల్లెలి మీద మనసు విరిగితే అతకదు. నువ్వు నా మాట నిలబెట్టు. ఇన్నేళ్ళలో నిన్ను ఒక్కటీ అడగలేదు.

నీ వదిన


కుట్టు దుకాణం,
మంచు తగ్గుముఖం పట్టాక.

పిచ్చుకా,

నా గురించి అడిగావు. ఉన్నాను.

పాలపొంగు అన్నాను కదా, ఇది అణగడం లేదు. నాతో మాట లేదు. అన్నం వడ్డిస్తే తింటారు, కంచం ఆయనే కడుక్కుంటారు. చుక్కల మందు నన్ను వెయ్యనివ్వరు. అద్దం ముందు నిలబడి వేసుకుంటే సగం చెంప మీద కారుతుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటాను. పక్కింటావిడతో మాత్రం నవ్వుతూ మాట్లాడతారు. ఆ నవ్వు గోడ అవతలినుంచి విని కుట్టు తప్పుతున్నాను.

నిన్న నా పేరు పెట్టి పిలిచారు. ప్రాణం లేచొచ్చి పరిగెత్తాను. "యూనిఫారం, గుర్తింపు కార్డు అప్పగించడానికి వెళ్తున్నాను. మళ్ళీ వస్తానో లేదో తెలియదు" అన్నారు. పెట్టె సర్దుకుని వెళ్ళారు. పెద్ద పెట్టె, పిచ్చుకా.

నీ దగ్గరికే వస్తారు. వేడిగా ఏదైనా పెట్టు. మందు పూటపూటా గుర్తు చెయ్యి. నా ఊసు ఎత్తకు.

వదిన


విమానాశ్రయం క్వార్టర్స్,
సాయంత్రం.

వదినా,

అన్నయ్య వచ్చాడు. రెండు రోజులున్నాడు. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆయన నీ ఇంట్లో ఉంటాడు. కాబట్టి నేను చేసినది నీకు ముందే తెలిసిపోయి ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి.

మొదటి రోజంతా నీ మాట నిలబెట్టాను. ఆయన ఉపయోగం లేనివాడిలా మంచం అంచున కూర్చుని నీ మీద చాడీలు చెప్పాడు. "పక్కలో పామును పెట్టుకున్నాను" అన్నాడు. "గుడ్డ ఇచ్చి గీత కత్తిరించమని నన్ను పరీక్ష చేసిందే, అప్పుడే తెలుసుకోవాల్సింది" అన్నాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ విన్నాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. నా తప్పుకు నువ్వు తిట్లు తింటున్నావు, నేను ఆయన చేతి మొట్టికాయలు తింటున్నాను. సిగ్గేసింది వదినా. దానికంటే సిగ్గుచేటు ఏమిటంటే, ఆయన నా ఇంట్లో ఉండడం నాకు బాగుంది.

ఇవాళ ఆయన పెట్టెలోంచి బట్టలన్నీ తీసి నా అలమరలో సర్దాడు. "ఇక్కడే ఉండిపోతానే. నా వాళ్ళెవరో ఇప్పుడు తెలిసింది. ఆ ఇంటికి ఇక వెళ్ళను" అన్నాడు. నేను "సరే" అనేస్తే అయిపోయేది. అన్నయ్య నాకు మిగిలేవాడు. నువ్వు మేడ మీద ఒక్కదానివీ కుట్టుకుంటూ ఉండేదానివి, నా పేరు కాపాడానని తృప్తిపడుతూ.

టీ ఆయన చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను. "డాక్టరమ్మకి చెప్పింది వదిన కాదు, నేను. వదిన నీకు అబద్ధం చెప్పింది, నన్ను కాపాడడానికి" అన్నాను.

నమ్మలేదు. "దాన్ని వెనకేసుకొస్తున్నావు" అన్నాడు. ఏ రోజు, ఎన్ని దీపాలు, పైనుంచి ఆయన ఏమని అడిగాడు, అన్నీ చెప్పాను. "ఆ రోజు నువ్వేనా అని అడిగితే పలకలేదు, అందుకా?" అన్నాడు. అందుకే అన్నాను. నా మొహంలోకి చూశాడు. ఆ వెలుగులో నేను ఆయనకి ఎంత కనపడ్డానో తెలియదు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. అలమరలో బట్టలు మడత విప్పకుండా తిరిగి పెట్టెలో పెట్టుకున్నాడు. టీ ముట్టుకోలేదు. "ఇంటికి వెళ్తున్నాను" అన్నాడు. ఇల్లు అంటే ఏదో నేను అడగక్కర్లేకపోయింది.

మా మెట్లు నీకు తెలుసు కదా, బూడిద రంగు సిమెంటు, పొద్దు వాలితే ఒకదానికి ఒకటి కలిసిపోతాయి. ముందుకు వెళ్ళి చెయ్యి ఇచ్చాను. పట్టుకోలేదు. గోడ తడుముకుంటూ ఒక్కొక్క మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగాడు. నేను పైనే నిలబడ్డాను. కింద వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. చూసినా నేను కనపడను.

నా దగ్గరికి ఇక రాడు. అది నాకు తెలుసు, నువ్వు సర్దిచెప్పాలని చూడకు. మీ మెట్లు కూడా అలాంటివే. నువ్వు చెయ్యిస్తే పట్టుకుంటాడు. రోజూ ఇవ్వు వదినా.

పిచ్చుక